పచ్చబొట్టు మీద గడియారం

సొరకాయకు గుండె కొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. మా వంటింట్లో పీట మీద పెట్టిన సొరకాయకు చేతి గడియారం బిగించాను. వెనకాల పచ్చలైటు మిణుకుమిణుకుమంది. కాసేపటికి అద్దం మీద ఎనభై చిల్లర అంకె వచ్చి కూర్చుంది. మా ఆవిడ కత్తిపీట దగ్గర నిలబడి నోరు తెరిచింది. "ఓ అవ్వో! ఇగ దీన్ని కొయ్యాల్నా, దవాఖానకు తీస్కపోవాల్నా?" అన్నది.

మీకు నవ్వొస్తుంది. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. అంతకు ముందురోజే, అదే రకం గడియారాన్ని నమ్ముకుని ఒక ఆడపిల్లను చావు గడప దాకా తీసుకుపోయారు. నా కళ్ళముందే జరిగింది.

నేను వ్యాయామోపాధ్యాయుణ్ణి. దేవరుప్పులలో మొదలుపెట్టి, మరిపెడలో సగం జీవితం గడిపి, రేగొండలో రిటైరయ్యాను. ప్రమోషన్ల గొడవ, ట్రాన్స్‌ఫర్ల గొడవ మీకు చెప్పను, అవి అందరికీ ఉండేవే. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నా దగ్గరికొచ్చి మొదట అడిగే మాట "సార్, ఏ వాచ్ కొనమంటరు?" అని. ఆ ఒక్క ప్రశ్నకే ఇంత జవాబు.

మెడ మీద రెండు వేళ్ళు

దేవరుప్పులలో నా మొదటి హెడ్మాస్టరు నర్సయ్య సార్. లెక్కల మనిషి. మనిషి కోపిష్ఠి, మాట కటువు, మనసు మాత్రం వెన్న. నేను చేరిన కొత్తలో మంచి ఊపు మీదుండి పిల్లలను గ్రౌండు చుట్టూ తిప్పుతుంటే కిటికీలోంచి చూసి బయటికి వచ్చాడు.

"పీటీ సారూ, జర నువ్వు కూడ ఉరుకు వాళ్ళెంబడి" అన్నాడు.

సరేనని పరుగెత్తాను. ఆయన మధ్యలో నిలబడి, నేను దగ్గరికి వచ్చినప్పుడల్లా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. నీ ఊరేది, మీ బాపు పేరేంది, పొద్దుగాల ఏం తిన్నవ్. రెండో చుట్టుకే నా మాట తెగిపోయింది. మూడో చుట్టులో మా బాపు పేరు అడిగితే ఊరి పేరు చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు.

"జవాబు తెగుతుంటే మెల్లగ ఉరికియ్యి. జవాబు తప్పైతే అక్కడనే ఆపు. ఇంతే లెక్క" అని చెప్పి లోపలికి పోయాడు నర్సయ్య సార్.

నా సర్వీసు మొత్తంలో ఇంతకు మించిన శిక్షణ నాకు ఎవరూ ఇవ్వలేదు. నేను నమ్మే రెండో లెక్క నాడి. గొంతు గొట్టం పక్కన, మెడ మీద, చూపుడు వేలు, నడిమి వేలు ఆనించాలి. బొటనవేలు వద్దు, దానికి దాని కొట్టుకోవడం వేరే ఉంటుంది, మనల్ని మోసం చేస్తుంది. రెండు పక్కలా ఒకేసారి నొక్కొద్దు, కళ్ళు తిరిగి పడతారు. పరుగు ఆగిన వెంటనే చూడాలి. నీళ్ళు తాగి, ముఖం కడుక్కుని వచ్చాక చూస్తే గుండె అప్పటికే సగం చల్లబడి ఉంటుంది.

కాళ్ళను లెక్కపెట్టిన గడియారం

మరిపెడలో ఉన్నప్పుడు ఈ గడియారాలు మా కళ్ళబడ్డాయి. మా కబడ్డీ జట్టులో రాజు అని గట్టి పిల్లవాడుండేవాడు. వాళ్ళ బావ కొనిపెట్టిన వాచీ కట్టుకొచ్చాడు. జట్టంతా దాని చుట్టూ ఈగల్లా మూగారు.

"సార్, గిది గుండెను చూస్తది!"

చూస్తే మంచిదే కదా అనుకున్నాను. నాకు కొత్త వస్తువంటే వైరం లేదు. కూర్చోబెట్టి మెడ మీద వేళ్ళు పెట్టి లెక్కపెడితే, గడియారం చెప్పినంతే వచ్చింది. నడిపించాను, అప్పుడూ సరిపోయింది. అరే, శభాష్ అనుకున్నాను. ఆ తరువాత పరుగెత్తించాను. అక్కడ మొదలైంది తమాషా.

పరుగు ఆపి వాచీ చూస్తే ఒక అంకె, మెడ మీద చూస్తే ఇంకో అంకె. పొంతనే లేదు. నా లెక్కే తప్పిందేమోనని మళ్ళీ పరుగెత్తించాను. ఈసారి అతని పక్కనే పరుగెత్తే పిల్లవాడిని అడుగులు లెక్కపెట్టమన్నాను. నిమిషానికి ఎన్ని అడుగులో వాచీలో అన్నే ఉన్నాయి! గుండెను లెక్కపెడుతున్నాననుకుని అది కాళ్ళను లెక్కపెడుతోంది. నేను గ్రౌండు మధ్యలో బిత్తరపోయి నిలబడ్డాను.

కారణం తరువాత తెలుసుకున్నాను. గడియారం వెనకున్న లైటు చర్మంలోకి పోతుంది. గుండె కొట్టినప్పుడల్లా అక్కడికి వచ్చిపోయే రక్తాన్నిబట్టి అది లెక్క కడుతుంది. కానీ పరుగులో అడుగడుక్కూ చెయ్యి ఊగుతుంది, గడియారం జారుతుంది, రక్తం కూడా కుదుపుకు కదులుతుంది. ఏ కదలిక గుండెదో, ఏది కాలిదో దానికి తెలియకుండా పోతుంది. కబడ్డీలో ఇంకా ఘోరం. రాజు అవతలి ఆటగాడి కాలు బిగించి పట్టుకున్నప్పుడు, రొప్పుతున్న మనిషి చేతిమీద అంకె పడిపోవడం చూశాను. పిడికిలి బిగిస్తే మణికట్టు నరాలు బిగుసుకుంటాయి, లైటుకు రక్తం సరిగ్గా అందదు.

అందుకని చెబుతున్నాను, గడియారాన్ని తిట్టకండి, దాని హద్దు తెలుసుకోండి. కూర్చున్నప్పుడు, నెమ్మదిగా నడిచినప్పుడు మీకు పనికొస్తుంది. మణికట్టు ఎముక దాటి కాస్త పైకి, వదులు లేకుండా కట్టాలి. ఉన్నట్టుండి వేగం పెంచే పరుగులో, కుస్తీ పట్టుల్లో, బరువులెత్తేటప్పుడు దాని మాట వేదవాక్కు కాదు. నిజంగా అంకెలే కావాలంటే ఛాతీకి కట్టే పట్టీ దీనికంటే నయం, అది గుండె కరెంటునే పట్టుకుంటుంది. అది కూడా లేకపోతే దేవుడిచ్చిన రెండు వేళ్ళున్నాయి.

ఒళ్ళు దాచుకుంటున్నదన్నారు

రేగొండలో రిటైరయ్యాక ఒక వేసవిలో పోలీసు సెలక్షన్లకు పోయే పిల్లల కోసం ఉచిత శిక్షణ పెట్టారు. ఖర్చంతా ఒక దాతది. నడిపించేది శ్రీకాంత్ అని పట్నంలో చదువుకొచ్చిన కుర్ర కోచ్. చెడ్డవాడు కాదు. పిల్లలకు అరటిపండ్లు తన జేబులోంచి తెచ్చేవాడు. షాట్‌పుట్ నేర్పడానికి నన్ను పిలిస్తే, ఊరికే ఇంట్లో కూర్చుని ఏం చేస్తానని పోయాను.

దాత అందరికీ ఒకే రకం గడియారాలు కొనిచ్చాడు. పరుగు అయిపోగానే ఎవరి గుండె ఎంత కొట్టుకుందో శ్రీకాంత్ ఫోనులోకి వచ్చేది, అక్కడి నుంచి దాత ఫోనుకు పోయేది. ఎవరి గుండె తక్కువ కొట్టుకుంటే వాడు ఒళ్ళు దాచుకున్నట్టు. వాడికి అదనంగా చుట్లు.

"శ్రీకాంత్, ఎద్దు ఈనిందంటె దూడను కట్టెయ్యమన్నట్టుంది నీ కథ. మెడ మీద చేయి పెట్టి ఒక్కసారన్న చూడు" అన్నాను.

"సార్, మీ కాలం వేరు. గిప్పుడు డేటా" అన్నాడు నవ్వుతూ.

మగపిల్లలు రెండు రోజుల్లో కిటుకు కనిపెట్టారు. చుట్టు అయిపోగానే గోడచాటున కూర్చుని చెయ్యి గిలకలా ఊపేవాళ్ళు. అంకె పైకెక్కేది. కూర్చుని ఊపినవాడు వీరుడయ్యాడు. నేను చూసి నోరు వెళ్ళబెట్టాను.

ఆ బ్యాచ్‌లో అనిత ఉండేది. రేగొండ పక్క తండా పిల్ల. చిన్నప్పుడే తల్లి పోతే నాయినమ్మ పెంచింది. మిర్చి ఏరడానికి, పత్తి తీయడానికి పోతూనే డిగ్రీ చదివింది. వయసు పరిమితి దగ్గరపడింది, ఇదే ఆమెకు ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే మళ్ళీ కూలికే. పరుగు చూస్తే ముచ్చటేసేది, నేల అంటినట్టే ఉండదు.

కానీ గడియారంలో ఆమె అంకె రోజూ అందరికంటే తక్కువ. ఎంత ఉరికినా తొంభై దగ్గరే తిరిగేది. ఒక్కోసారి అంకె బదులు గీతలు వచ్చేవి. శ్రీకాంత్‌కు అనుమానం, దాతకు కోపం. "గా తండా పిల్ల నాటకాలాడుతుంది, ఇంకింత ఉరికియ్యి" అని ఫోను చేసేవాడట. చెయ్యి ఊపు అని ఎవరో చెప్పినా ఆమె ఊపలేదు. "నేను ఉరుకుతున్న గదా, ఊపుడెందుకు?" అన్నది.

ఆ రోజు ఎండ పొద్దున్నే నిప్పులు కక్కుతోంది. పరుగు పిల్లలందరినీ పంపించి, అదనపు చుట్లకు అనితను ఉంచారు. నేను గ్రౌండు అవతలి కొసన గుండు విసిరే పిల్లలతో ఉన్నాను. ఎవరో కేక వేస్తే తిరిగి చూశాను. మలుపు దగ్గర అనిత కుప్పకూలింది.

పరుగెత్తుకుంటూ పోయాను. శ్రీకాంత్ అప్పటికే ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఎత్తి గడియారం చూస్తున్నాడు. తల పైకెత్తి నాతో అన్న మాట ఈ జన్మకు మరచిపోను.

"ఏం కాలే సార్, గుండె మంచిగనే ఉంది. ఎనభై ఎనిమిది. ఊకె పడ్డది."

నేను మెడ మీద వేళ్ళు పెట్టాను. అది నాడి కాదు, వణుకు. లెక్కపెడదామంటే అందలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. "బిడ్డా, నీ పేరేంది?" అని అడిగాను. ఆమె వేరే ఎవరి పేరో చెప్పింది. "మీ ఊరేది?" అంటే "యాడీ" అన్నది. వాళ్ళ భాషలో అమ్మ అని.

"మంచిగుందంటవేందిరా, సన్నాసీ! పిల్ల పోతున్నది!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. నీడకు మోశాం, బిందెల కొద్దీ నీళ్ళు ఒంటిమీద పోశాం, తడి తువ్వాలలు చంకల్లో పెట్టాం, దొరికిన బండిలో వేసుకుని భూపాలపల్లి దవాఖానకు పరుగుతీశాం. దారిపొడుగునా ఆ చేతిమీద గడియారం పచ్చగా మిణుకుతూ ఎనభై ఎనిమిది అంటూనే ఉంది. నాకు దాన్ని పీకి రోడ్డు మీద విసిరేయాలనిపించింది.

డాక్టరమ్మ చూపించింది

బతికింది. వడదెబ్బ, ఒంట్లో ఉప్పు నీరు ఎండిపోవడం. ఈసీజీ తీశారు, తరువాత ఇంకో పరీక్ష చేశారు. గుండెలో లోపం ఏమీ లేదని తేలింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, మేం అడగలేదు.

శ్రీకాంత్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. "గడియారంల మంచిగనే ఉండె సార్... మంచిగనే ఉండె..." అని అదే మాట. నాకు కోపం పోయి జాలి వేసింది.

డాక్టరమ్మ ఆ మాట విన్నది. అనిత చెయ్యి తీసుకుని గడియారం విప్పింది. దాని కింద, మణికట్టు చుట్టూ, దట్టంగా పచ్చబొట్టు. చుక్కలు, గీతలు, మళ్ళీ చుక్కలు. రెండో చేతికీ అంతే.

"గడియారం లైటు ఈ నల్లరంగును దాటి రక్తం దాకా పోదు. అందిన కాస్త వెలుతురుతో ఏదో ఒక అంకె చూపిస్తది. మీరు చూసింది ఈమె గుండె కాదు" అన్నది.

రోజూ చూసిన చెయ్యే. తండా పిల్లలకు పచ్చబొట్టు ఉంటుందని ఈ జిల్లాల్లో తెలియనిదెవరికి? నేను ఇంటికి వచ్చి నిద్రపట్టక, తెల్లారి ఒక గడియారం తెచ్చి సొరకాయకు కట్టింది అందుకే. రక్తమే లేనిదానికి కూడా అంకె చూపిస్తుందా అని తెలుసుకుందామని. చూపించింది.

తీపిచ్చుకుంట సార్

రెండు వారాలకు అనిత లేచి తిరిగింది. ఒక సాయంత్రం నాయినమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ముసలామెకు తెల్లని గాజులు మోచేతి దాకా, చేతులనిండా పచ్చబొట్లు. చాయ ఇచ్చినా అనిత ముట్టుకోలేదు.

"సార్, రీడింగు రానోళ్ళను పెట్టుకోవద్దని దాత అన్నడట. వరంగల్ల లేజరుతోటి పచ్చబొట్టు తీస్తరట గదా. తీపిచ్చుకుంట. అప్పుడన్న నేను ఉరికేది కనబడుతదా?"

నాకు నెత్తిమీద పిడుగు పడ్డట్టయింది. చావు తప్పి బయటపడిన పిల్ల, తన ఒంటినే తప్పు పట్టుకుంటోంది!

నాయినమ్మ అంతసేపు నేల చూస్తూ కూర్చుంది. అప్పుడు తలెత్తింది.

"సారూ, దీని యాడి చేతి మీద గివే చుక్కలుండె. అది సచ్చిపోయినంక, గిదొక్కటన్న దీని ఎంబడి ఉండనీ అని నేనే పొడిపిచ్చిన. బంగారం ఎంబడి రాదు, చీర రాదు. సచ్చినా ఎంబడొచ్చేది పచ్చబొట్టే. గడియారం కోసం గది తీసెయ్యమంటవా, నువ్వు చెప్పు."

"తియ్యద్దు అవ్వా" అన్నాను. "ఎవలు తియ్యమన్నా తియ్యద్దు."

మరునాడు శ్రీకాంత్ దగ్గరికి పోయాను. తిట్టడానికే పోయాను, నిజం చెబుతున్నాను. తీరా పోతే అతనే ఎదురొచ్చి, "సార్, ఆమెను గడియారం లేకుండ ఉరికిద్దాం. మెడ మీద మీరు చూడున్రి. నాకు సుత నేర్పున్రి" అన్నాడు. దాతకు ఏం చెప్పావంటే తల గోక్కున్నాడు. గడియారం తప్పు చూపించిందని ఎంత చెప్పినా దాత నమ్మలేదట. గడియారం చెడిపోయిందంటే మాత్రం వెంటనే నమ్మాడట. అబద్ధానికి ఉన్న విలువ నిజానికి లేకపోయె!

డాక్టరమ్మ సరేనన్నాకే మొదలుపెట్టాం. నడకతో, చల్లని పూట, నర్సయ్య సార్ ప్రశ్నలతో. నేను ఇంటి పేరు అడిగితే ఆమె ఊరి కబుర్లన్నీ చెబుతూ పరుగెత్తేది. ఆగగానే శ్రీకాంత్, శిక్షణలో ఆడపిల్లలను చూసుకునే తన చెల్లెతో మెడ మీద చేయి పెట్టించి లెక్క రాయకుండానే నోటితో చెప్పించేవాడు. కొన్నాళ్ళకు అతని చేతి గడియారం టైము చూసుకోవడానికి మాత్రమే మిగిలింది.

సెలక్షన్ రోజున ఆమె గుండె ఎంత కొట్టుకుంటోందని అక్కడ ఎవరూ అడగలేదు. గీత దాటిందా, ఎంత సేపట్లో దాటింది, అంతే. అనిత దాటింది. రాత పరీక్ష కూడా గట్టెక్కింది. ఫలితం వచ్చిన రోజు తండాలో డప్పు మోగింది, ముసలామె నా చేయి పట్టుకుని ఆడించింది. నేను ఆడాను కూడా.

చౌరస్తాలో

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మీకు ఇది కూడా చెప్పాలి.

వారం తిరగకముందే రేగొండ చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాత దండం పెడుతూ పైన సగం తానే ఉన్నాడు. కింద అనిత, గెలిచినట్టు చెయ్యి పైకెత్తి. అనిత, నాయినమ్మ, నేను ముగ్గురం మిఠాయి కొనడానికి వచ్చి చూశాం. ముందు సంతోషపడ్డాం. నాయినమ్మ దగ్గరికి పోయి తలెత్తి చాలాసేపు చూసింది. కళ్ళు చిట్లించి చూసింది.

"గిది మా పిల్ల చెయ్యి గాదు" అన్నది.

నేను కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. పైకెత్తిన చెయ్యి నున్నగా, తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు, ఒక్క గీత లేదు. ఫ్లెక్సీ షాపువాళ్ళు మచ్చలనుకుని తుడిచేశారు. తుడిచిన చోట దాత ఇచ్చిన గడియారం బొమ్మ అతికించారు.

అనిత ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు పోయి నల్ల మార్కరు అడిగి తెచ్చింది. రోడ్డు పక్కన ఆగి ఉన్న ఆటోవాలాతో, "అన్నా, జర ముందుకు జరుపవా" అన్నది. ఆటో ఫ్లెక్సీ కిందికి రాగానే వెనక కడ్డీ మీద కాలు పెట్టి పైకెక్కింది. ఆమె పడిపోకుండా నేను కాళ్ళు పట్టుకున్నాను. చుట్టూ జనం ఆగారు.

మార్కరు మూత పంటితో పీకి, ఆ తెల్లటి మణికట్టు మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. కింద నుంచి నాయినమ్మ చెబుతోంది.

"ఇంకింత పక్కకు. ఆ, గాడ. గీత మీద మూడు గాదే పిల్లా, నాలుగు. మీ యాడికి నాలుగుండె."

నాలుగోదానికి చోటు లేదు. అనిత దాన్ని గడియారం అద్దం మీద పెట్టింది.